మా పెట్ట మేత సంచి రాయిలా గట్టిపడింది, ఇంట్లో ఏం చెయ్యొచ్చు?

కృష్ణలంక మిద్దెతోట:
నమస్తే అండి, మాది విజయవాడ. మిద్దె మీద కుండీలతో పాటు ఒక్క నాటు పెట్టని పెంచుకుంటున్నాం, పేరు బంగారి, రెండేళ్ళది. నిన్న పొద్దున్నుంచి మేత ముట్టట్లేదు, మెడ సాగదీసి సాగదీసి ఆవలించినట్టు నోరు తెరుస్తోంది, వాటర్ ట్యాంకు నీడన ముడుచుకు కూర్చుంటోంది. ఎత్తుకుని చూస్తే మెడ కింద కుడి పక్కన, తిన్న మేత ముందు నిలవుండే సంచి దగ్గర, బత్తాయంత ఉండ, గట్టిగా ఉంది, మెల్లగా నొక్కితే లోపల దారప్పోగుల్లాంటివి వేలికి తగులుతున్నాయి. మొన్న కుండీల్లో కొబ్బరి పీచు లాక్కుని తింటుంటే నవ్వుకుని వీడియో కూడా తీశానండి, ఇప్పుడు అది చూస్తే నన్ను నేనే తిట్టుకుంటున్నా. మా అత్తయ్యగారేమో కాళ్ళు పట్టుకుని తలకిందులుగా వేలాడదీసి కక్కించమంటున్నారు, మా ఆయనేమో కూర వండేస్తే పోలా అని జోకులు. గుడ్డు పెట్టి మూడు రోజులైంది. ఎవరికన్నా అనుభవం ఉంటే చెప్పండి ప్లీజ్.

గుంటూరు పెరటికోళ్ళు:
ముందు తలకిందులు మాత్రం చెయ్యకమ్మా. నోట్లోంచి వచ్చిన నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతే నిమిషాల్లో పోతుంది, మా చెల్లెలి పెట్ట అలాగే చేతిలోనే ప్రాణం వదిలేసింది. రాత్రికి మేత పూర్తిగా తీసేసి గంప కింద మూసిపెట్టు, నీళ్ళు ఒక్కటీ ఉంచు. పొద్దున్నే ఏమీ పెట్టకముందు చెయ్యిపెట్టి చూడు. బాగున్న కోడికి సాయంత్రం సంచి నిండుగా ఉన్నా తెల్లారేసరికి చదునైపోవాలి, అలాగే ఉంటే అడ్డం పడ్డట్టే. అప్పుడు గోరువెచ్చని నీళ్ళు, ఒక అర చెంచా కొబ్బరినూనె, డ్రాపర్‌తో ముక్కు పక్క నుంచి చుక్క చుక్కగా వెయ్యి, నాలుక మొదట్లో కనపడే చిన్న కన్నం గాలిగొట్టం, అందులో మాత్రం పడకూడదు, అది మింగాకే ఇంకో చుక్క. తర్వాత చపాతీ పిండి మెదిపినట్టు వేళ్ళతో మెల్లగా అయిదు నిమిషాలు, రోజుకి మూడు నాలుగు సార్లు. తొందరపడి గట్టిగా పిసికితే లోపల చిరుగుతుంది.

ఇంకోటి అడుగుతా, మిద్దె మీద దానికి రాళ్ళు దొరుకుతున్నాయా? కోడికి పళ్ళుండవు కదా, మనం ఇష్టంగా వండుకునే కందనకాయలో చిన్న చిన్న రాళ్ళుంటేనే మేత నలుగుతుంది. నేల మీద తిరిగే కోడి దాని పాటికి అదే ఏరుకుంటుంది, సిమెంటు మిద్దె మీద ఏముంటాయి చెప్పు. గుడ్డు పెంకులు వేస్తున్నాం కదా అంటారు చాలామంది, అవి కరిగిపోతాయి, రాయి పని చెయ్యవు.

తెనాలి తమ్ముడు:
మా తాత పందెం కోళ్ళు పెంచేవాడు అక్కా, ఇలా అయితే కొత్త బ్లేడుతో సంచి కోసి, పీచు తీసి, ఉప్పునీళ్ళతో కడిగి సూదీదారంతో కుట్టేసేవాడు, రెండ్రోజులకి మళ్ళీ బరిలోకి. అంత వద్దనుకుంటే నీళ్ళల్లో చిటికెడు మైలుతుత్తం వేసి తాగించు, లోపలిదంతా క్లీన్ అయిపోద్ది.

గన్నవరం పూర్వ విద్యార్థి:
తమ్ముడూ, తాతగారి మీద గౌరవం ఉంది కానీ బతికినవే గుర్తుంటాయి, చచ్చినవి ఎవరూ లెక్కపెట్టరు. సంచికీ పై చర్మానికీ వేరువేరుగా కుట్లు పడాలి, మత్తు లేకుండా ఇంట్లో కొయ్యడం పాపం కూడా. మైలుతుత్తం చిటికెడు అన్నావు, అందులో చిటికెడు ఎక్కువైతే విషం, పొలంలో తెగుళ్ళకి కొట్టేది కొలత లేకుండా కోడి నోట్లో పొయ్యకండి.

అక్కా, రోజూ వాసన చూడండి. గట్టిగా ఉన్నంతవరకూ అది అడ్డం మాత్రమే. అదే నీళ్ళు నింపిన బెలూన్‌లా మెత్తబడి, నోట్లోంచి పులిసిన పిండి వాసన వస్తే లోపల ఈస్ట్ పెరిగినట్టు, కాండిడా అంటాం. దానికి ఇంట్లో మిగిలిపోయిన యాంటీబయాటిక్ బిళ్ళ వేస్తే ఇంకా ముదురుతుంది, ఎందుకంటే ఈస్ట్‌ని అదుపులో పెట్టే మంచి బ్యాక్టీరియా చచ్చిపోతుంది. నిస్టాటిన్ లాంటి ఫంగస్ మందు కావాలి, అది డాక్టరు తూకం చూసి రాయాల్సిందే. ఇంకా, సంచి ఆగడం ఒక్కోసారి వేరే జబ్బుకి గుర్తు కూడా, నులిపురుగులు, గుడ్డు అడ్డం తిరగడం, కొక్కెర తెగులు (రాణీఖేత్). ఆకుపచ్చ రెట్ట, మెడ వంకర ఉంటే మాలిష్‌లతో టైం వేస్ట్ చెయ్యకండి. గుడ్డు ఆగిందన్నారు కాబట్టి పొట్ట కింద కూడా తడిమి చూడండి. ఒకటి రెండు రోజుల్లో కరక్కపోతే గన్నవరం ఎన్టీఆర్ వెటర్నరీ కాలేజీకి తీసుకెళ్ళండి, బందరు రోడ్డు కాదు, ఏలూరు వైపు హైవే. ముందు ఫోన్‌లో అడగాలంటే పశువైద్య హెల్ప్‌లైన్ 1962 ఉంది.

కృష్ణలంక మిద్దెతోట:
అందరికీ థ్యాంక్స్ అండి, ఆలస్యంగా రాస్తున్నా. రెండ్రోజులు పెరటికోళ్ళు గారు చెప్పినట్టే చేశా. మొదటి రోజు ఏం తేడా లేదు, చెయ్యి వెయ్యగానే ముక్కుతో పొడిచింది, అదీ ఒక మంచి గుర్తే అనుకున్నా. రెండో రోజు సాయంత్రానికి ఉండ మెత్తబడింది, సంబరపడేలోపే నోట్లోంచి ఇడ్లీ పిండి పులిసిపోయినట్టు వాసన. ఇక ఆగలేదు, అట్టపెట్టెకి కన్నాలు పెట్టి పాత చీర పరిచి ఆటోలో గన్నవరం పోయాం, ఆటోవాడు దారంతా పెట్టెలో ఏంటమ్మా అని అడుగుతూనే ఉన్నాడు.

డాక్టరు గొట్టం వేసి లోపలి నీళ్ళు కడిగి తీశారు, దాంతో పాటు పీచు కూడా వచ్చింది, జడలా అల్లుకుపోయి నా మధ్యవేలంత పొడుగు. కొయ్యాల్సిన పని పడలేదు. ఫంగస్ మందు చుక్కలు రాశారు, వారం పాటు మెత్తటి మేత కొంచెం కొంచెంగా, మందు వాడినన్నాళ్ళూ ఆ తర్వాత ఆయన చెప్పిన రోజులూ గుడ్లు తినొద్దన్నారు. ఇప్పుడు తెల్లారి లేవగానే నా మొదటి పని దాని మెడ కింద చెయ్యి పెట్టడం, మా ఆయన కాఫీ తర్వాత. నిన్నా ఇవాళా ఖాళీగానే ఉంది.

తెనాలి తమ్ముడు:
మైలుతుత్తం మాట వెనక్కి తీసుకుంటున్నా అక్కా 🙏 రాళ్ళు పెట్టారా మరి?

కృష్ణలంక మిద్దెతోట:
పెట్టాను తమ్ముడూ, కుండీల్లో పీచంతా తీసేసి కందిగింజంత గులకరాళ్ళు మట్టి మూకుట్లో పోసి పెట్టా. మూడు తింది, మిగతావి కాళ్ళతో మిద్దెంతా చిమ్మేసింది, పొద్దున బట్టలారెయ్యడానికి ఉత్తి కాళ్ళతో వెళ్ళిన మా అత్తయ్యగారు ఇప్పుడు దాన్ని కూర వండమంటున్నారు.