మైల గురించి అడిగితే మందు గురించి చెప్పారు: ఆ మాట ఆపడం తప్పా?

సభ నడిపేవాడు

మా ఊరి శాఖా గ్రంథాలయంలో నెలకొక ఆదివారం సాయంత్రం కొంతమందిమి కూర్చుని మాట్లాడుకుంటాం. ఈసారి అంశం ఇంటి ఆచారాలు. ఎవరింట్లో ఏమి పాటిస్తారు, ఎందుకు పాటిస్తారు అని. అయ్యప్ప మాలలో ఉన్న ఒక కుర్రాడు లేచాడు. కరెంటు పనులు చేసుకుంటాడు, ఎప్పుడూ నోరు విప్పని మనిషి. "మా మేనత్త భర్త పోయారండీ. వాళ్లది వేరే ఇంటిపేరు. నాకు మైల ఉంటుందా? మాల తీసేయాలా?" అని అడిగాడు.

ఎవరూ జవాబు చెప్పకముందే వెనక వరుసలోంచి ఒక పెద్దాయన, "మాల మెడలో ఉన్నన్నాళ్లే మందు మానేవాడికి మైలతో పనేముందయ్యా?" అన్నారు. హాలంతా గొల్లుమంది. ఆయన అక్కడితో ఆగలేదు. మకరజ్యోతిని ఎవరు వెలిగిస్తారు, శబరిమల గుడిలోకి ఆడవాళ్లను ఎందుకు రానివ్వరు, హుండీ డబ్బు ఎటు పోతుంది అంటూ వరుస పెట్టారు. నేను మైకు తీసుకుని, "ఇది అతను అడిగినదానికి జవాబు కాదు, దయచేసి కూర్చోండి" అన్నాను. ఆయన కూర్చోలేదు, విసురుగా వెళ్లిపోయారు. కుర్రాడైతే నవ్వులు వినపడగానే చెప్పులు వేసుకున్నాడు.

ఇప్పుడు మా సభ్యుల్లో సగం మంది నేను నాస్తికుల నోరు నొక్కానంటున్నారు. మిగతా సగం అలాంటివారిని అసలు గడప తొక్కనివ్వకూడదంటున్నారు. నాకు రెండూ మింగుడు పడటం లేదు. మీరేమంటారు?

స్వామిశరణం

ఇందులో చర్చ ఏముంది? నలభై ఒక్క రోజులు చన్నీళ్ల స్నానం, నేల పడక, ఒంటిపూట భోజనం చేసేవాడిని పట్టుకుని తాగుబోతు అంటే ఊరుకోవాలా? మనోభావాలు దెబ్బతీశారని పోలీసు కేసు పెట్టండి. ఒకరి మీద పెడితే పదిమంది బుద్ధిగా ఉంటారు.

బెజవాడ హేతువాది

నిర్వాహకులు చేసింది తప్పు. ఆ మొదటి వెక్కిరింతను నేను సమర్థించను. కానీ మిగతావి వెక్కిరింతలు కావు. మకరజ్యోతిగా చూసే ఆ దీపాన్ని, అంటే మకరవిళక్కును, మనుషులే వెలిగిస్తారని 2011లో ఆ గుడిని నడిపే దేవస్వం బోర్డే ఒప్పుకుంది. ఆడవాళ్ల ప్రవేశం మీద 2018లో సుప్రీంకోర్టు నలుగురు ఒకవైపు, ఒకరు ఒకవైపుగా తీర్పు చెప్పింది. వీటిని ఎత్తితే విషయం తప్పినట్టా? "ఎందుకు పాటిస్తారు" అన్నది అంశంలో ఉందని మీరే రాశారు. ఎందుకు అన్నదానికి "పాటించనక్కరలేదు" అనేది కూడా జవాబే కదా.

శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం పౌరుడి విధి అని రాజ్యాంగంలో 51ఎ అధికరణం చెబుతోంది, 1976 నాటి సవరణతో వచ్చింది. మనసు నొచ్చుకుంటుందని ఆగాలంటే, 1881 డిసెంబరులో వీరేశలింగం పంతులుగారు రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించేవారేనా? ఆనాడు ఊళ్లో నొచ్చుకోని మనసు ఏది? గోరా 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టినప్పుడు ఎవరి అనుమతి అడిగారు? నొప్పి తగలకుండా ఏ ఆచారమూ మారలేదు.

తర్కం మాష్టారు

హేతువాది గారూ, పంతులుగారి పేరు మీరే తెచ్చారు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. ఆయన వితంతువుల పెళ్లి గురించి సభ పెట్టి, వితంతువుల పెళ్లి గురించే మాట్లాడారు. ఎదుటివారు శాస్త్రం ఏదంటే శాస్త్రమే చూపించి వాదించారు.  వెనక వరుస పెద్దాయనకు ఆ పోలిక పొసగదు.

మన దేశంలో తర్కం నేర్చుకున్నవాళ్లకు ఈ తగువు కొత్త కాదు. న్యాయసూత్రాలు అనే పాత తర్కగ్రంథం చర్చను మూడు రకాలు చేసింది. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం. ఎలాగైనా గెలవాలని చేసేది జల్పం. తనకంటూ ఒక పక్షం నిలబెట్టకుండా ఎదుటివాడిని పడగొట్టడానికే చేసేది వితండం. మనవాళ్లు అడ్డంగా మాట్లాడినదల్లా వితండమే అంటారు గానీ, ఆ సభలో జరిగింది వితండం కూడా కాదు. వితండానికి కనీసం ఎదుటివాడు చెప్పిన మాట మీదే నిలబడి కొట్టే క్రమశిక్షణ ఉంటుంది.

ఇరవై రెండు నిగ్రహస్థానాలు చెప్పారు. అంటే వాదంలో ఓడిపోయావని మధ్యవర్తి తేల్చే చోట్లు. అందులో ఒకటి అర్థాంతరం: ప్రస్తుతాన్ని వదిలి సంబంధం లేని సంగతి ఎత్తుకోవడం. మైల ఉందా లేదా అంటే హుండీ లెక్కకు పోవడం అదే. అలా పోయినవాడికి ఆనాటి సభలో దక్కేది ఓటమి, అంతే. వాడి నమ్మకం ఏమిటని ఎవరూ అడగరు. పైగా నాస్తికుడికి చోటు లేకుండా పోలేదు. పద్నాలుగో శతాబ్దపు సర్వదర్శన సంగ్రహం చార్వాకుడితోనే మొదలవుతుంది. అతని వాదమంతా విన్నాకే మిగతావారి వంతు.

స్వామిశరణం గారికీ ఒక మాట. పని ఉందని వంక పెట్టి వాదం మధ్యలో లేచిపోవడం కూడా ఆ ఇరవై రెండింటిలో ఉంది. నాస్తికుడు మాట్లాడితే కుర్చీలు ఖాళీ చేసే భక్తులను నేను చాలామందిని చూశాను.

గుంటూరు టీచరు

ఇవన్నీ చదువుతుంటే నాకు మా స్టాఫ్ రూము గుర్తొస్తోంది. మేము కథోలికులం. విభూది బుధవారం నాడు నుదుట బూడిదతో బడికి వెళ్లాను. ఆ బూడిద ఎక్కడిదని ఒక కొత్త టీచరు అడిగింది, నిజంగా తెలుసుకోవాలనే. నిరుడు మట్టల ఆదివారం నాడు పట్టుకున్న ఆకులను ఎండబెట్టి, కాల్చి చేస్తారని చెబుతున్నాను. పక్క బల్ల మీద నోటు పుస్తకాలు దిద్దుతున్న సారు తల ఎత్తకుండానే, "విభూది మా దగ్గర తీసుకున్నారు, రిజర్వేషను ప్రభుత్వం దగ్గర తీసుకుంటున్నారు" అన్నారు.

దానికి నా దగ్గర జవాబు లేక కాదు. ఎస్సీ హోదా 1950 ఉత్తర్వు ప్రకారం హిందువులకే, తర్వాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వచ్చింది. క్రైస్తవులకు లేదు. సర్టిఫికెట్టు ఒకటి, ప్రార్థన ఒకటి అయినవాళ్లు ఉన్నారు. వాళ్ల సంగతి నిజంగానే గంటసేపు మాట్లాడదగ్గది. కానీ ఆ అమ్మాయి అడిగింది బూడిద గురించి. ఆ రోజు నుంచి ఆమె నన్ను ఏదీ అడగలేదు. అడిగితే నాకు ఇబ్బంది అవుతుందని అనుకుని ఉంటుంది.

సభలో మైకు తీసుకునేవాడైనా ఉన్నాడు. స్టాఫ్ రూములో అందరూ పుస్తకాల్లోకి తలలు దించేశారు.

బెజవాడ హేతువాది

టీచరుగారూ, మీకు జరిగింది చదివాను. గమనించారా, మిమ్మల్ని అన్నవారు హేతువాది కాదు, ఇంకో మతం ఆయన. నా బాధ అదే. సభల్లో నిర్వాహకుడి చెయ్యి మైకు మీదికి వెళ్లేది నాస్తికుడు మాట్లాడినప్పుడే. "మీ పండగలో అది లేదా, మా పండగే కనిపించిందా" అని భక్తుడు భక్తుడిని పొడిస్తే మాత్రం ఉత్సాహంగా చూస్తారు.

మాష్టారు చెప్పిన అర్థాంతరం బాగుంది. అయితే ఏది ప్రస్తుతం, ఏది అప్రస్తుతం అని తేల్చేది ఎవరు? మైల అన్న ఊహే తప్పు అనుకునేవాడికి, మైల ఎన్ని రోజులని లెక్క వేయడం అనవసరమైన పని. ప్రశ్న పునాదినే ప్రశ్నించడం విషయం తప్పడమా?

తర్కం మాష్టారు

మంచి ప్రశ్న. పునాదిని ప్రశ్నించవచ్చు. "చావుకు, అశుచికి సంబంధం లేదని నా అభిప్రాయం, అందుకు కారణం ఇది" అని ఆ పెద్దాయన అని ఉంటే నేనే చప్పట్లు కొట్టేవాడిని. "నువ్వు తాగుతావు" అనడం పునాదిని ప్రశ్నించడం ఎలా అవుతుంది? కుర్రాడు తాగినా తాగకపోయినా మైల ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు.

మీరు అన్న "మీ దాంట్లో లేదా" సంగతికి కూడా ఆ జాబితాలో చోటుంది, మతానుజ్ఞ అంటారు. ఎదుటివాడు చూపిన తప్పును కాదనకుండా, నీలోనూ అది ఉందనడం. తనలో ఆ తప్పు ఉందని ఒప్పుకున్నట్టే లెక్క. మధ్యవర్తి అన్నవాడు దీనికీ మైకు ఆపాలి. ఆపడం లేదన్న మీ ఫిర్యాదు న్యాయమైనదే.

కోర్టు మెట్లు

కేసు పెట్టమన్న మిత్రుడికి: పాత శిక్షాస్మృతిలోని 295ఎ సెక్షను 1927లో వచ్చింది. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో అది 299. మత విశ్వాసాలను ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో అవమానిస్తేనే వర్తిస్తుంది. ప్రతి అవమానమూ దాని కిందికి రాదని, తీవ్రమైన రకమే వస్తుందని 1957లోనే సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ప్రభుత్వ అనుమతి లేనిదే కోర్టు విచారణకు తీసుకోదు. లైబ్రరీ సభలో ఒక ముసలాయన వేసిన మొరటు జోకుకు అది ఎక్కడ సరిపోతుంది? నోటి దురుసును సభా మర్యాదతో సరిచేసుకోవాలి. స్టేషను దాకా వెళితే రేపు మీరు అన్న మాట మీదా ఎవరో ఒకరు కాగితం పట్టుకుని నిలబడతారు.

నల్లపంచె గురుస్వామి

ఇంతసేపు అందరూ మాట్లాడారు, కుర్రాడికి మాత్రం జవాబు రాలేదు. నేను చెబుతాను. ఒకే ఇంటిపేరు దాయాదులైతే మైల ఉంటుంది, మాల తీయిస్తాం. మేనత్త భర్త వేరే గోత్రం కాబట్టి మా దగ్గర స్నానంతో సరిపెడతాం. పాడె మోసినా, శవాన్ని తాకినా మాత్రం తీయించాల్సిందే. ఇంకో ఊరి గురుస్వామి ఇంకోలా చెప్పవచ్చు. అతనికి మాల వేసినవారిని అడగమనండి, ఆయన మాటే చెల్లుతుంది. దీక్షలు అయ్యాక బారుకు వెళ్లేవాళ్లు ఉన్నారా అంటే ఉన్నారు. వాళ్లకు ఏమి చెప్పాలో నాకు తెలుసు, నిండు సభలో మాత్రం చెప్పను.

ఎర్రగుడి దారి

గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారిలో ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. పన్నెండో శాసనం సరిగ్గా ఈ గొడవ గురించే. సందర్భం కాని చోట సొంత మతాన్ని పొగడవద్దు, ఇతరుల మతాన్ని తెగడవద్దు, సందర్భం ఉన్నా మితంగా మాట్లాడమని. తెగడటంతో పాటు పొగడటానికీ అదే హద్దు పెట్టాడు చూడండి. మా ఊళ్లో ఎవరికైనా జ్వరం వస్తే ఏ దేవుడు తగ్గిస్తాడో చెప్పడానికి ముగ్గురు వస్తారు, జ్వరం బిళ్ల తెచ్చేవాడు ఒక్కడూ ఉండడు. వాళ్లనూ ఆపండి.

సభ నడిపేవాడు

గురుస్వామి గారి మాట కుర్రాడికి చేరవేశాను. వచ్చే నెల నుంచి ఇలా అనుకుంటున్నాను. అడిగిన ప్రశ్నకు జవాబులు ముందు. ఆ ఆచారమే వద్దనేవాళ్లకు చివరి అరగంట. మనిషి అలవాట్లు, కులం, మతం ఎత్తిపొడిస్తే అన్నది ఎవరైనా మైకు తీసుకుంటాను. స్వామిశరణం గారు అన్నా, హేతువాది గారు అన్నా.

బెజవాడ హేతువాది

చివరి అరగంట అంటే జనం బస్సుల కోసం లేచే వేళ. ఖాళీ కుర్చీలకు చెప్పుకోమంటారా? మాకు వేరే ఆదివారం ఇవ్వండి. "దీక్షలు అవసరమా" అని అంశం పెట్టండి, ముందు నేను మాట్లాడతాను, తర్వాత గురుస్వామి గారు.

స్వామిశరణం

వస్తాను. లేచిపోను. అధ్యక్షుడు ఎవరు మరి? నిర్వాహకుడు ఇప్పటికే ఒకరి మాట ఆపిన మనిషి, రెండు పక్షాలకూ అనుమానమే.

సభ నడిపేవాడు

అదీ నిజమే. టీచరుగారూ, గుంటూరు నుంచి మాకు గంట ప్రయాణం. ఆ రోజుకు మీరు అధ్యక్షత వహిస్తారా?

గుంటూరు టీచరు

పరీక్ష పేపర్లు దిద్దడం అయిపోతే వస్తాను. ఒక షరతు ఉంది. రిజర్వేషన్లు, మతం అన్న అంశానికి కూడా ఒక ఆదివారం ఇవ్వాలి. దానికి మా స్టాఫ్ రూము సారును నేనే పిలుచుకొస్తాను. ఆయన అడిగిందే మళ్లీ అడగనివ్వండి, ఆ రోజు నేను జవాబు చెబుతాను.