స్కోరు ఏఐది, సంతకం నాది: నిర్ణయం ఎవరిది?

ప్రశ్న:
అప్పు దరఖాస్తులు పరిశీలించడం నా ఉద్యోగం. ఫైలు తెరవగానే ముందు కనిపించేది ఏఐ ఇచ్చిన స్కోరు. కింద ఎర్ర అక్షరాల్లో ‘తిరస్కరించవచ్చు’ అని ఉంటుంది. సరేనంటే ఒక్క క్లిక్కుతో అయిపోతుంది. కాదనాలంటే కారణం టైపు చేయాలి, పై అధికారి ఆమోదం తెచ్చుకోవాలి. రేపు ఆ అప్పు మొండిబాకీ అయితే నా పేరే బయటికొస్తుంది. స్కోరు చెప్పినట్టు ఇచ్చిన అప్పు మునిగితే మాత్రం నన్నెవరూ అడగరు.

మొన్న ఒకావిడ ఫైలు వచ్చింది. మధ్యలో కొన్ని నెలలు జీతం పడలేదు. ప్రసూతి సెలవు అని జత చేసిన కాగితాల్లో స్పష్టంగా ఉంది. స్కోరు ఆ కాగితం చదవదు, జీతం ఆగిందన్న సంగతే చూస్తుంది. పట్టుబట్టి ఇప్పించాను. ప్రతి ఫైలుకీ అలా పట్టుబట్టడం ఎవరి వల్ల అవుతుంది? ‘చివరి నిర్ణయం మనిషిదే’ అని సంస్థ చెప్పుకుంటోంది. ఆ మనిషిని నేనే. నిజంగా నిర్ణయిస్తున్నది నేనేనా?

జవాబు 1:
ఇదే ప్రశ్న ఐరోపా న్యాయస్థానం దాకా వెళ్లింది. మనిషి జీవితంపై గట్టి ప్రభావం చూపే నిర్ణయాన్ని పూర్తిగా యంత్రానికే వదిలేయకూడదని ఐరోపా సమాఖ్య వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం (జీడీపీఆర్) 22వ అధికరణ చెబుతుంది, కొన్ని మినహాయింపులున్నా. షూఫా అనే జర్మన్ క్రెడిట్ స్కోరు సంస్థ కేసులో 2023 డిసెంబరులో తీర్పు వచ్చింది. అప్పు ఇచ్చేవాళ్లు ప్రధానంగా ఆ స్కోరు మీదే ఆధారపడుతుంటే, స్కోరు వేయడమే యంత్రం తీసుకున్న నిర్ణయం కిందికి వస్తుందన్నారు. మధ్యలో ఒక ఉద్యోగి ఉన్నంత మాత్రాన సరిపోదన్నమాట.

జవాబు 2:
మనుషులే చూసిన రోజుల్లో ఏం న్యాయం జరిగిందండీ? ఇంటిపేరు చూసి, వేసుకున్న బట్టలు చూసి పక్కన పెట్టిన ఫైళ్లు ఎన్నో. యంత్రానికి కనీసం మొహమాటాలు లేవు.

ప్రశ్న అడిగినవారు:
మీ మాట కాదనను. కానీ ఇలాంటి యంత్రాలు నేర్చుకునేది ఆ పాత ఫైళ్ల నుంచే కదా. నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ సాయం తీసుకున్న కుటుంబాల్లో మోసగాళ్లను పట్టడానికి పన్నుల శాఖ వాడిన సాఫ్ట్‌వేర్, దరఖాస్తుదారు విదేశీయులా కాదా అన్నదాన్నీ లెక్కలోకి తీసుకుంది. వేల కుటుంబాలపై అన్యాయంగా మోసం ముద్ర పడింది. 2021 జనవరిలో ప్రభుత్వమే రాజీనామా చేసింది. మనిషి తప్పు చేస్తే ఎదురుగా కూర్చుని వాదించొచ్చు. ఇక్కడ ఆవిడ ఎవరితో వాదించాలి?

జవాబు 3:
ఐరోపా సమాఖ్య 2024 ఏఐ చట్టం 14వ అధికరణలో మీ ఇబ్బంది ప్రస్తావన ఉంది. పర్యవేక్షించేవారు యంత్రం మాట మీద అతిగా ఆధారపడే ప్రమాదాన్ని గుర్తెరిగి ఉండాలి, దాని ఫలితాన్ని పక్కన పెట్టగలగాలి. మీ ఆఫీసులో రెండు మార్పులు అడగండి. మీ అభిప్రాయం నమోదు చేశాకే స్కోరు కనిపించాలి. ఒప్పుకున్నా, కాదన్నా ఒకేలా కారణం రాయాలి. దాంతోపాటు, స్కోరును సిబ్బంది ఎన్నిసార్లు కాదన్నారో లెక్క బయటపెట్టమనండి. అది సున్నాకి దగ్గరగా ఉంటే మీ ప్రశ్నకు జవాబు అందులోనే దొరుకుతుంది.