పేరోజ్‌ను చంపిన హూణులు, మన తోరమాణుడి హూణులు ఒకరేనా?

బడిలో చదివిన పాఠం ప్రకారం గుప్త చక్రవర్తి స్కందగుప్తుడు తరిమికొట్టినవారూ, ఆ తర్వాత ఉత్తర భారతంలో కొంత భాగాన్ని ఏలిన తోరమాణుడూ, మిహిరకులుడూ అందరూ 'శ్వేత హూణులే'. ఇన్నేళ్లూ అదే నమ్మాను. ఈ మధ్య సాసానీయుల (ఇస్లాంకు ముందు ఇరాన్‌ను ఏలిన రాజవంశం) ఇరాన్ గురించి చదవడం మొదలుపెట్టాక ఆ నమ్మకం సడలింది.

ఆ వంశపు రాజు పేరోజ్ తూర్పు సరిహద్దులో హెఫ్తలీయులనే హూణులకు బందీగా చిక్కాడు. విడుదల సొమ్ము పూర్తిగా చెల్లించలేక కొడుకు కవాద్‌ను వారి దగ్గర ఉంచాడు (తండ్రికి మనసెలా ఒప్పిందో!). చివరికి 484లో వారితో యుద్ధంలోనే చనిపోయాడు. విచిత్రమేమిటంటే, తర్వాత గద్దె పోగొట్టుకున్న కవాద్ మళ్లీ రాజైంది వారి సైన్యం అండతోనే. వీరి పట్టు బాక్ట్రియాలో, అంటే నేటి ఉత్తర అఫ్ఘానిస్తాన్ చుట్టుపక్కల.

తోరమాణుడు, మిహిరకులుడు మాత్రం హిందూకుష్‌కు దక్షిణాన ఎదిగిన అల్ఖాన్ హూణులట. అల్ఖాన్‌ల నాణేలపై గ్రీకు లిపిలో, బాక్ట్రియా భాషలో 'అల్ఖానో' అని ఉంటుంది. రాజుల తలలు పైకి సాగదీసినట్టు కనిపిస్తాయి.

ఇక నా సందేహాలు. హెఫ్తలీయులకూ అల్ఖాన్‌లకూ రాజకీయంగా ఏదైనా సంబంధం ఉండేదా, లేక బయటివారు అందరినీ ఒకే గాటన కట్టారా? స్కందగుప్తుడు ఎదుర్కొన్నది అల్ఖాన్‌లనా, వారికంటే ముందు వచ్చిన కిదారీయులనే మరో హూణ వర్గాన్నా? ఉత్తర అఫ్ఘానిస్తాన్‌లోని రోబ్ ప్రాంతంలో బాక్ట్రియా భాషలో రాసిన పాత పత్రాల్లో హెఫ్తలీయుల పన్నుల ప్రస్తావన ఉంది కదా, వాటిలో అల్ఖాన్‌ల ఊసేమైనా ఉందా? నాణేలు, శాసనాలు చదివినవారు దయచేసి ఆధారాలతో చెప్పండి. తెలుగులో ఈ విషయంపై మంచి వ్యాసం ఉంటే అదీ సూచించండి.