1951 షెవ్రొలే 3100 పికప్: ప్రదర్శన కోసం తలుపు మీది పాత రంగు గీకాలా, వద్దా?

ప్రశ్న — పాత గేరు

నా దగ్గర 1951 నాటి షెవ్రొలే 3100 పికప్ ఉంది. ముందు, వెనక చక్రాల మధ్య దూరం (వీల్‌బేస్) 116 అంగుళాలు, అర టన్ను సరుకు మోసే తరగతి బండి. తలుపు అద్దాల ముందు చిన్న త్రికోణపు అద్దాలు మొదటిసారి వచ్చింది ఆ ఏడాదే, పిడిని కిందికి తిప్పి తెరిచే తలుపులు చివరిసారి వచ్చిందీ ఆ ఏడాదే కనుక, తెలిసినవారు దూరం నుంచే బండి వయసు చెప్పేస్తారు. ఇంజను సంగతి తేల్చుకున్నాను. 216 ఘనపు అంగుళాల పాత ఆరు సిలిండర్ల ఇంజను, ఆరు వోల్టుల వైరింగు, గొట్టంలో మూసి ఉన్న డ్రైవ్‌షాఫ్టు తీసేసి, జనరల్ మోటార్స్ వారి ఆధునిక 5.3 లీటర్ల ఎల్ఎస్ వి8 ఇంజను, 12 వోల్టుల వైరింగు పెడుతున్నాను. బాబిట్ అనే మెత్తని లోహపు బేరింగులతో నడిచే ఆ పాత ఇంజను మీద గౌరవం ఉంది కానీ, దాన్ని నమ్ముకుని హైవే ఎక్కే ధైర్యం నాకు లేదు.

తేలనివి రెండు. గాలి సంచులతో ఎత్తు మార్చే గాలి సస్పెన్షన్ పెట్టి బండిని నేలకు ఆనించాలా, లేక ఇప్పుడున్న కమాన్లు (ఉక్కు పట్టీల స్ప్రింగులు) సరిచేసి కొంచెం దించి వదిలేయాలా అన్నది మొదటిది. రెండోది రంగు. డ్రైవరు వైపు తలుపు మీద వెలిసిపోయిన ఆకుపచ్చ రంగులో ఎవరో కుంచెతో రాసిన దాణా దుకాణం పేరు సగం చెరిగి ఇంకా కనిపిస్తోంది. కింద మూడంకెల టెలిఫోను నంబరు. వేలితో తడిమితే అక్షరాల అంచు ఇప్పటికీ తగులుతుంది. మిగతా బండి అంతా సొట్టలే. మెరిసే పూత మీద పారదర్శకంగా వేసే క్యాండీ ఎరుపు వేయాలన్నది నా పాత కోరిక, కానీ ఆ తలుపు దగ్గరకు వచ్చేసరికి చేతిలోని గీకుడు కాగితం కదలడం లేదు.

జవాబు — కమాను కట్ట

పాత గేరు గారూ, మీ మొదటి ప్రశ్నకు జవాబు బండి ఎంత కిందికి దిగాలన్న దానిలోనే ఉంది. ఆ బండిలో ముందూ వెనకా కమాన్లు, ముందు వైపు ఐ-బీమ్ ఇరుసు (రెండు చక్రాలనూ కలిపే ఒకే ఉక్కు దూలం) ఉంటాయి. కమాను పట్టీలు కొన్ని తీసి రెండు మూడు అంగుళాలు దించడం తేలిక. అంతకు మించి దిగితే వెనక ఇరుసు ఛాసిస్‌కు తగులుతుంది కనుక, ఆ చోట ఛాసిస్‌ను కింది నుంచి అర్ధచంద్రాకారంలో కోసి, పోయిన బలం తిరిగి వచ్చేలా చుట్టూ మందమైన ఉక్కు పలక వెల్డింగ్ చేస్తారు. దీన్ని సీ-నాచ్ అంటారు. ఇక్కడ వెల్డింగ్ అందంగా ఉండటం కంటే లోతుగా దిగడం ముఖ్యం. పైన నునుపుగా రుద్దేసిన పలచని వెల్డింగును నేను నమ్మను.

ఇరుసు పైకి వస్తే వెనక సరుకు వేసే తొట్టి కూడా మారాలి. నేల చెక్కలను కొన్ని అంగుళాలు ఎత్తి బిగించాలి, లేదా వెనక ఇరుసు మధ్యలోని గేర్ల డబ్బా (డిఫరెన్షియల్) పైకి వచ్చే చోట చెక్కలో తెరుచుకునే మూత పెట్టాలి. పెట్రోలు ట్యాంకు మీ బండిలో సీటు వెనక క్యాబిన్‌లోనే ఉంటుంది. దాన్ని తీసి తొట్టి కింద వెనక చివర పెట్టడం మంచిదే. అయితే గాలి నింపే కంప్రెసర్లు, గాలి ట్యాంకు, సైలెన్సరు గొట్టాలు కూడా అదే చోటు అడుగుతాయి కనుక, అన్నిటినీ ముందు అట్టముక్కలతో కోసి పెట్టి చూసుకోవాలి.

ముందువైపు ఐ-బీమ్ తీసేసి, 1974–78 ఫోర్డ్ మస్టాంగ్ 2 నమూనా సస్పెన్షన్ పెట్టడం ఎక్కువమంది చేసే పని. ర్యాక్ స్టీరింగు, డిస్కు బ్రేకులు దానితోపాటే అమరుతాయి. బండిని పూర్తిగా దించి, స్టీరింగును రెండు వైపులా చివరిదాకా తిప్పి, టైరు మడ్‌గార్డుకు తగలడం లేదని చూసుకున్నాకే చక్రాలు కొనండి. డ్రైవ్‌షాఫ్టు కోణాలను మాత్రం బండి నేలకు ఆని ఉన్నప్పుడు కాక, మీరు నడిపే ఎత్తులో ఉంచి కొలవాలి. లేకపోతే హైవే మీద వణుకు వదలదు.

ఇంకొక నియమం ఉంది, దీనిలో మాత్రం రాజీ పడకండి. నడిపే ఎత్తులో ఉన్నప్పుడు టైరు పూర్తిగా దిగిపోయినా, రిమ్ము అంచు కంటే కిందికి బండిలో ఏ భాగమూ వేలాడకూడదు. నా ఉద్దేశంలో నడిపే బండికి గాలి సస్పెన్షనే మేలు, ఎందుకంటే ఆగినప్పుడు నేలకు ఆనుతుంది, కదిలేటప్పుడు తగిన ఎత్తుకు లేస్తుంది. లీకుల భయం చాలావరకు మన చేతిలోనే ఉంది. గాలి గొట్టాన్ని కటింగ్ ప్లేయరుతో నలిపి తెంపితే చివర కోడిగుడ్డు ఆకారంలోకి వస్తుంది, అక్కడే కారుతుంది. గొట్టాలు కోసే కత్తితో నిటారుగా కోసి, సబ్బునీళ్లు పూసి చూడండి.

జవాబు — మాస్కింగ్ టేపు

నేను రంగు గురించే చెబుతాను. ఇల్లు అలకగానే పండగ కానట్టే, రంగు వేయగానే ప్రదర్శన బండి కాదు. బండి మొత్తాన్ని రంగు లేకుండానే ఒకసారి పూర్తిగా బిగించి, ఇంజను, అద్దాలు, సీట్లు, తలుపు రబ్బర్లు అన్నీ అమర్చి, కొద్ది దూరం నడిపి, ఆ తరువాతే విప్పి రంగుకు పంపాలి. క్యాబిన్ తన బరువుతో రబ్బరు దిమ్మల మీద కూర్చున్నాక తలుపు సందులు మారతాయి, తలుపు చుట్టూ కొత్త రబ్బరు పెట్టగానే తలుపు బయటికి పొడుచుకు వస్తుంది. నేను నాలుగు మిల్లీమీటర్ల ప్లాస్టిక్ బద్దను తలుపు చుట్టూ జరిపి చూస్తాను. ఎక్కడ పట్టేసినా, ఎక్కడ వదులైనా అక్కడ పని మిగిలినట్టే.

ఈ క్రమం నాకు ఊరికే తెలియలేదు. నా మొదటి పికప్‌కు క్యాండీ రంగు వేయించి, పాలిష్ కూడా అయ్యాక, సైలెన్సరు గొట్టాన్ని పట్టే కొక్కెం ఒకటి మరిచిపోయినట్టు గుర్తొచ్చింది. దుప్పటి కప్పి వెల్డింగ్ చేశాను. దుప్పటి కింద నుంచి ఒక్క రవ్వ దూరి తొట్టి పక్కపలక మీద పెసరగింజంత మచ్చ పెట్టింది. క్యాండీ పారదర్శకమైన రంగు; కింద మెరిసే పూత, పైన ఒక్కొక్క పొరతో ముదురుతూ పోతుంది. అందువల్ల మచ్చ ఉన్న చోట మాత్రమే వేస్తే నీడ కలవదు. పలక మొత్తం మళ్లీ చేయాల్సి వచ్చింది, అయినా ఎండలో చూస్తే తేడా నాకు కనిపిస్తూనే ఉండేది. మీ బండిలో మడ్‌గార్డులు, తలుపులు, తొట్టి అన్నీ విడివిడి భాగాలు కనుక, రంగు చిమ్మే ఒకే స్ప్రే తుపాకీతో, ఒకే దూరం నుంచి, లెక్కపెట్టి సమానమైన పొరలు వేసే మనిషి దొరికితేనే క్యాండీ జోలికి వెళ్లండి.

జవాబు — తుప్పు మచ్చ

తలుపు గీకవద్దన్నదే నా మాట, అయితే ముందు మీరు ఏ ప్రదర్శనకు వెళ్తున్నారో చెప్పాలి. అమెరికాలో జరిగే డెట్రాయిట్ ఆటోరామా అనే కార్ల ప్రదర్శనలో 1964 నుంచి ఇస్తున్న రిడ్లర్ అవార్డు లాంటిదాని మీద కన్నుంటే, ఆ బండిని అంతకు ముందు ఇంకెక్కడా ప్రదర్శించి ఉండకూడదు, ఛాసిస్ అడుగుభాగం కూడా పైభాగమంత నునుపుగా ఉండాలి. అక్కడ దాణా దుకాణం పేరుకు చోటు లేదు. గుడ్‌గైస్ వంటి బహిరంగ ప్రదర్శనలకు నడుపుకుంటూ వెళ్లే ఉద్దేశమైతే, మైదానంలో వరుసగా నిలబడిన ఎర్రటి పికప్‌లను దాటుకుంటూ వెళ్లేవాళ్లు మీ తలుపు దగ్గర ఆగి ఆ మూడంకెలు చదువుతారు. క్యాండీ ఎరుపు డబ్బు పెడితే ఎప్పుడైనా వస్తుంది, ఆ అక్షరాలను గీకేశాక తిరిగి తెచ్చుకోలేం. కొత్తగా రాయించి, ఇసుకకాగితంతో అరగదీసి, పాతదిలా చూపించేవాళ్లు ఉన్నారు. దగ్గరకు వెళ్తే అది తెలిసిపోతుంది.

ఉంచుకుంటే జాగ్రత్త అవసరం. వదులుగా ఉన్న తుప్పును తీయకుండా పైన మెరుపులేని పారదర్శక పూత వేస్తే, అది కొంతకాలానికి పొరలుగా లేస్తుంది. తలుపును పలచని సబ్బునీళ్లతో మెత్తగా కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, మరిగించిన అవిసెనూనెను థిన్నరులో కలిపి బట్టతో పలుచగా రుద్దండి. ఆ బట్టలను ముద్దగా చుట్టి మూల పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి ఆరబెట్టండి, లేదా నీళ్ల డబ్బాలో ముంచి ఉంచండి.

పాత గేరు

ముగ్గురికీ కృతజ్ఞతలు. నడపాలన్నదే నా ఉద్దేశం కనుక ఆటోరామా ఊసు వదిలేశాను. గాలి సస్పెన్షన్ పెడుతున్నాను, తలుపు అలాగే ఉంటుంది. మిగతా సొట్టలు తీసినచోట వెలిసిన ఆకుపచ్చతో కలిసేలా రంగు కుదర్చడం కొత్త తలనొప్పి కాబోతోంది. క్యాండీ ఎరుపును డ్యాష్‌బోర్డుకు మాత్రం వేస్తాను. నిన్న సాయంత్రం క్యాబిన్‌లోంచి పెట్రోలు ట్యాంకు దించి, దాని కొలతకు అట్టముక్క కోసి ఛాసిస్ వెనక చివర పెట్టి చూశాను. గాలి ట్యాంకుకు ఇక మిగిలింది తొమ్మిది అంగుళాలే. దాన్ని అడ్డంగా పెట్టినవారు ఎవరైనా ఉంటే, లోపల చేరే నీళ్లను వదిలే కుళాయిని ఏ వైపు ఉంచారో చెప్పగలరు.