‘ఓర్లాండో’ తెలుగులో: లేచాడా, లేచిందా?

కావలి నుంచి ప్రశ్న: వర్జీనియా ఊల్ఫ్ ఇంగ్లీషు నవల ‘ఓర్లాండో’ (1928) తెలుగు చేస్తున్నాను, మూడో అధ్యాయం దగ్గర ఆగాను. కాన్‌స్టాంటినోపుల్‌లో రాయబారి ఓర్లాండో ఏడు రోజులు నిద్రపోయి, లేచేసరికి ఆడమనిషి. మొహం అదే, జ్ఞాపకాలూ అవే. ఇంగ్లీషులో సర్వనామం మారిస్తే సరిపోయింది, మనకు క్రియ కూడా మారాలే! ఇంకోటి, ‘ఆండ్రోజినీ’కి, అంటే ఆడతనం మగతనం ఒకరిలోనే కలిసి ఉండడానికి, ‘ఉభయలింగత్వం’ అనొచ్చునా?

నెల్లూరు: అనొద్దండీ. ఉభయలింగ జీవి అంటే బడి పుస్తకంలో వానపాము. ఊల్ఫ్ చెప్పేది మనసు సంగతి. 1929లో ‘ఎ రూమ్ ఆఫ్ వన్స్ ఓన్’ అనే వ్యాసంలో ఇంగ్లీషు కవి కోల్‌రిడ్జ్ మాట పట్టుకుని విప్పింది దాన్నే. ‘అర్ధనారీశ్వరం’ వినసొంపే గానీ అక్కడ చెరిసగం, నడుమ గీత. తిక్కన ఊరివాళ్ళం గనక బృహన్నల గుర్తొస్తాడు, కానీ అది అజ్ఞాతవాసం ఏడాదికి కట్టిన రూపం. ఓర్లాండో మళ్ళీ మగవాడు కాడు. ‘ఆడామగా కలిసిన మనసు’ అని విప్పి రాయడమే మేలు. ‘జెండర్ గుర్తింపు’ను (నేను ఆడా, మగా అని మనిషి తనను తాను ఎరగడం) మాత్రం ‘లైంగికత’ చేయకండి. లైంగికత అంటే ఎవరిమీద మనసు పోతుందన్న సంగతి, వేరే.

ఒంగోలు: క్రియకు దారులున్నాయి. ‘కళ్ళు తెరిచి, లేచి, నిలబడి’ అని అసమాపక క్రియలతో ఎంత దూరమైనా నడపొచ్చు, లింగం బయటపడదు. ‘రాలేదు’, ‘తెలుసు’ కూడా అంతే. ‘ఓర్లాండోకి నిలువుటద్దంలో చూసుకున్నా కంగారు పుట్టలేదు’: ఇక్కడ క్రియ కంగారుది. అసలు వాక్యానికైతే మనదే పైచేయి. ఊల్ఫ్ ‘అతడు స్త్రీ’ అనే రాసింది. ‘అతడు ఆడమనిషి.’ క్రియే అక్కర్లేదు! ఆ వెంటనే ఒకచోట ఏకవచనం వదిలి ‘దెయిర్’ వాడుతుంది; అక్కడ ‘తన’ అతికినట్టు సరిపోతుంది.

కావలి: మొత్తం ‘లేచారు’ అని నడిపితే?

ఒంగోలు: మర్యాదవాచకం అయిపోతుంది. పైగా నవల తొలిమాటే ‘అతడు’, మగవాడనడంలో సందేహం లేదని వెంటనే ఒక చమత్కారం. ‘వారు’ పెట్టారా, మొదటి వాక్యమే చచ్చిపోతుంది. ‘తను’ కర్తగా కూడా వద్దు; ఇప్పటి వాడుకలో చాలామందికి అది ‘ఆమె’గానే వినిపిస్తుంది, వాక్యం చివర ‘డు’, ‘ది’ ఎలాగూ గుట్టు విప్పుతాయి.

నెల్లూరు: అసలు చిక్కు ఆ ‘ది’లోనే ఉండాది. బస్సొచ్చింది, బర్రె వచ్చింది, ఆమె వచ్చింది. బాలవ్యాకరణం లెక్కలో స్త్రీవాచకం ఏకవచనంలో అమహత్తుతో (జంతువులు, వస్తువుల మాటలతో) సమానం, బహువచనంలోనే మహత్తు (మగవాళ్ళ మాటల వరస). ఇంగ్లీషులో ‘హి’ నుంచి ‘షి’కి పోతే పక్క గదిలోకి పోయినట్టు, మనకు ‘లేచాడు’ నుంచి ‘లేచింది’కి అంటే మెట్టు దిగినట్టు. దీన్ని ‘లేచారు’తో మెత్తబరచొద్దంటాను. నాలుగో అధ్యాయంలో ఓర్లాండో ఇంగ్లండు చేరగానే ఆస్తి మీద దావాలు కాచుకుని ఉంటాయి. ఒక వాదం: ఓర్లాండో చనిపోయింది గనక ఆస్తి దక్కదు. రెండోది: ఆడది, అంటే దాదాపు అదే లెక్క. ఆ కోర్టు కాగితాల దగ్గర మన ‘ది’ని అలాగే ఉండనివ్వండి.

కావలి: అయితే నిద్ర లేచే పేజీ అంతా అసమాపకాలు, ‘అతడు ఆడమనిషి’ తర్వాత నుంచి ‘ఆమె’, ‘ది’. అట్నే చేస్తాను.