పాపను ఎన్ఐసీయూలో (పసిపిల్లల ఐసీయూ) వదిలి నేనొక్కదాన్నే ఇంటికొచ్చాను. ఈ రోజులు ఎలా గడిపారు మీరంతా?

కొత్త అమ్మ:
బీపీ ఉన్నట్టుండి పెరిగిపోయి 33 వారాలకే సిజేరియన్ చేశారు. పాప 1,700 గ్రాములు. నాలుగో రోజు నన్ను డిశ్చార్జ్ చేశారు, పాప ఇంకా అక్కడే ఉంది. మొదట రెండు రోజులు సీప్యాప్ (ఊపిరి ఆడేలా ముక్కులోకి గాలి ఒత్తిడితో పంపే మెషీన్) పెట్టారు, ఇప్పుడు ముక్కు దగ్గర సన్నటి గొట్టంతో ఆక్సిజన్, పాలు ట్యూబ్‌తోనే. డాక్టర్లు బాగుందనే అంటున్నారు కానీ మానిటర్ మోగిన ప్రతిసారీ నా గుండె ఆగినంత పనవుతోంది. అక్కడ కూర్చుంటే భయం, ఇంటికొస్తే ఏదో తప్పు చేసినట్టు ఉంటోంది. ముట్టుకోవాలంటే చేతులు వణుకుతున్నాయి. పాలు పిండే పంప్ పెడితే రెండు వైపులా కలిపి 10 ఎంఎల్ కూడా రావట్లేదు. పైగా అందరూ ఫోన్ చేసి ఎప్పుడు తెస్తున్నారు అని అడుగుతుంటే ఏడుపు ఆగట్లేదు.

ముప్పై ఎనిమిది రోజులు:
మా బాబు 31 వారాలకు పుట్టాడు, నా పేరు చూస్తే తెలుస్తుంది ఎన్నాళ్ళు ఉన్నామో. మానిటర్ సంగతి ముందు చెప్తాను. పాదానికి చుట్టిన సెన్సర్ కాస్త జారినా, పాప కాలు తన్నినా అది మోగుతుంది. నిజంగా ఊపిరి మరిచిపోవడం కూడా ఉంటుంది, నెలలు నిండని పిల్లల్లో అది మామూలే, చాలామందికి 36, 37 వారాలు (కడుపులో ఉన్న వారాలు కూడా కలిపి) వచ్చేసరికి తగ్గిపోతుంది. నేనైతే బాబును చూడటం మానేసి ఆ అంకెలే చూస్తూ కూర్చునేదాన్ని. ఒక రాత్రి సిస్టర్ నా కుర్చీ పట్టుకుని అటు తిప్పేసింది, తెర నా వీపు వెనక్కి పోయింది. "దాన్ని చూడటానికి మేమున్నాం, మీరు వాడి మొహం చూడండి" అంది. కోపం వచ్చింది ముందు, తర్వాత అలవాటైంది.
ముట్టుకునేటప్పుడు నిమరకండి, అంత చిన్న పిల్లలకు అది చిరాకు. ఒక చెయ్యి తల మీద, ఒకటి పాదాల దగ్గర పెట్టి కదపకుండా ఉంచండి. పాలు ఐదో రోజుకి అంతే వచ్చాయని బెంగపడొద్దు, ఆపకుండా రాత్రి ఒకసారితో కలిపి రోజుకి ఎనిమిది సార్లు పిండండి. వచ్చిన నాలుగు చుక్కలూ తీసుకెళ్ళి ఇవ్వండి. పీల్చడం, మింగడం, ఊపిరి తీయడం మూడూ కలిపి చేయడం దాదాపు 34 వారాలకి గానీ కుదరదు, అందుకే ట్యూబ్.

చిన్నోడి నాన్న:
ఫోన్ల గురించి ఒక్కటే మాట. మా తమ్ముడికి అప్పగించేశాను, రోజూ సాయంత్రం వాడే అందరికీ ఒక మెసేజ్ పెట్టేవాడు. ఎవరైనా నాకు చేస్తే ఎత్తేవాణ్ణి కాదు. ఇంటికి పంపే తేదీ మాత్రం మనసులో పెట్టుకోకండి, మాకు రెండుసార్లు వెనక్కి జరిగింది, రెండోసారి మా ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు. తేదీకి బదులు ఇంకా ఏమేం కుదరాలో అడగండి: నోటితో పాలు తాగడం, బరువు పెరగడం, బయట ఒంటి వేడి నిలబడటం, కొన్ని రోజులు వరసగా ఊపిరి ఆగకపోవడం. ఇంకో సంగతి, మీ ఆయన్ని కూడా ఎవరైనా పలకరించమనండి. నేను ధైర్యంగా ఉండు, ధైర్యంగా ఉండు అని ఆవిడను విసిగించి, కిందికెళ్ళి బండి మీద కూర్చుని ఏడ్చేవాణ్ణి.

నైట్ డ్యూటీ:
నేను ఎన్ఐసీయూలోనే పనిచేస్తాను. పాప సంగతి సరే, మీ బీపీ ఎవరైనా చూస్తున్నారా? బీపీ వల్ల ముందే కాన్పు అయిన అమ్మలు పిల్లల ధ్యాసలో పడి తమ మాత్రలు మరిచిపోతారు, ఇది నేను చాలాసార్లు చూశాను. కాన్పు తర్వాత కూడా కొన్ని వారాలపాటు అది పెరగొచ్చు. తగ్గని తలనొప్పి, కళ్ళు మసకబారడం, పక్కటెముకల కింద నొప్పి, ఆయాసం, వీటిలో ఏది వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు. ఏడుపు రెండు వారాలు దాటినా తగ్గకపోతే, లేదా బతకాలని లేదనిపిస్తే వెంటనే, అది కూడా డాక్టరుకు చెప్పాల్సిందే.
ఇక కంగారూ కేర్ (పాపను మీ గుండెల మీద ఒంటికి ఒళ్ళు తగిలేలా పడుకోబెట్టడం) గురించి మీరే అడగండి. నెలలు నిండని పిల్లలకు పుట్టిన వెంటనే మొదలుపెట్టమనే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. ఆక్సిజన్ ఉన్నా చాలావరకు కుదురుతుంది, అది పాప పరిస్థితి చూసి మీ డాక్టర్ చెప్తారు. దాని తర్వాత పంప్ పెట్టి చూడండి. రాత్రి రెండింటికి ఫోన్ చేసి పాప ఎలా ఉందని అడిగినా మాకేం చిరాకు ఉండదు.

కొత్త అమ్మ:
మీరన్నాక బీపీ చూపించుకున్నాను, 150/100 ఉంది, మందు పెంచారు. రెండు రోజులుగా తల నొస్తోంది, నిద్ర లేకే అనుకున్నాను.
ఇవాళ పాపను గుండెల మీద పడుకోబెట్టారు, నలభై నిమిషాలు. సగంలో మానిటర్ మోగింది, సిస్టర్ వచ్చి సెన్సర్ సరిచేసి వెళ్ళిపోయింది. నేను తల తిప్పి చూడలేదు. అబద్ధమెందుకు, ఒక్కసారి చూశాను.