ఫీనిక్స్ నుంచి వచ్చాక తగ్గని దగ్గు: వ్యాలీ ఫీవర్ టెస్ట్ ఇక్కడ ఎక్కడ చేస్తారు?

మా తమ్ముడు అరిజోనాలో, ఫీనిక్స్ దగ్గర ఉంటాడు. సెలవులకి విజయవాడ వచ్చిన వారానికే పొడిదగ్గు మొదలైంది. ఇప్పుడు ఆరో వారం. సాయంత్రమయ్యేసరికి జ్వరం 100–101, రాత్రి తలగడ తడిసేంత చెమటలు, కీళ్ల నొప్పులు. మోకాళ్ల కింద ముందువైపు ఎర్రటి గడ్డలు లేచాయి, ముట్టుకుంటే నొప్పి.

ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి పైభాగంలో మచ్చ. అజిత్రోమైసిన్, తర్వాత అమోక్సిసిలిన్-క్లావులనేట్ కోర్సు పూర్తిగా వాడాం, జ్వరం దిగలేదు. కళ్లెలో టీబీకి సీబీనాట్ నెగెటివ్. రక్తంలో ఇసినోఫిల్స్ (ఒక రకం తెల్ల రక్తకణాలు) 11 శాతం, అంటే ఎక్కువే. అయినా "ఎందుకైనా మంచిది, టీబీ మందులు మొదలుపెడదాం" అంటున్నారు డాక్టరు గారు.

ఈలోగా అక్కడి రూమ్మేట్‌కి వ్యాలీ ఫీవర్ అని తేలింది. కౌంటీ హెల్త్ డిపార్ట్‌మెంట్ వాళ్లు ఫోన్ చేసి, దుమ్ములో ఎప్పుడు తిరిగారని ఆరా తీశారట. దుమ్ము తుపాను రోజున ఇద్దరూ రోడ్డు పక్కన కారు టైరు మారుస్తున్నారు. వ్యాలీ ఫీవర్ తెప్పించేది అక్కడి మట్టిలో ఉండే కాక్సిడియాయిడిస్ అనే ఫంగస్. మనిషి నుంచి మనిషికి అంటదు, కాబట్టి కంచం గ్లాసు వేరు పెట్టమని దయచేసి చెప్పకండి, ఆ సలహాలు చుట్టాలు ఇప్పటికే ఇచ్చేశారు.

ఫంగస్ టెస్ట్ అంటే ఒక ల్యాబ్ గెలాక్టోమానన్ చేసింది. అది ఆస్పర్‌జిల్లస్ అనే వేరే ఫంగస్‌కి చేసేది. విజయవాడ సూర్యారావుపేటలో, గుంటూరు కొత్తపేటలో కాక్సిడియాయిడిస్ టెస్ట్ అని అడిగితే పేరే వినలేదన్నారు. ముందుగా చెప్పకుండా కల్చర్ (ల్యాబ్‌లో ఫంగస్‌ని పెంచి చూసే పరీక్ష) పెట్టిస్తే ల్యాబ్ వాళ్లకే ప్రమాదం, అందుకే దాని జోలికి పోలేదు.

కాక్సిడియాయిడిస్ యాంటీబాడీ పరీక్షకి విజయవాడలో గానీ గుంటూరులో గానీ రక్తం తీసుకుని బయటికి పంపే ల్యాబ్ ఏది?